జీతపు పని, ప్రభువు పని



యౌవనస్థుల కూడికల్లో వాక్యం చెప్పడానికి వెళ్లినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. కూడిక ముగిసి అందరూ టీ గ్లాసులు పట్టుకొని నిలబడినప్పుడు ఎవరో ఒక అబ్బాయి మెల్లగా పక్కకు వస్తాడు. “అయ్యగారూ, ప్రభువు నన్ను సేవకు పిలుస్తున్నాడని అనిపిస్తోంది. పని మానేయమంటారా?” అని అడుగుతాడు. అలా అడిగినవాళ్లలో జిన్నింగు మిల్లులో పనిచేసే అబ్బాయి ఉన్నాడు, ఆటో నడిపే అబ్బాయి ఉన్నాడు, మందుల షాపులో లెక్కలు రాసే అబ్బాయి కూడా ఉన్నాడు. వాళ్ల ముఖాల్లో రెండు భయాలు కనిపిస్తాయి. మానేస్తే ఇంట్లోవాళ్లకు అన్నం ఎవరు పెడతారని ఒక భయం. మానకపోతే యోనాలాగా ప్రభువుకు ముఖం చాటేసినట్టవుతుందేమోనని ఇంకో భయం.

ఆ భయానికి కారణం ఉంది. మనం కన్వెన్షన్లలో వినే సాక్ష్యాలు చాలామట్టుకు రాజీనామా ఉత్తరం దగ్గరే మలుపు తిరుగుతాయి. అవి నిజమైన సాక్ష్యాలే. వారిని ప్రభువు ఆ విధంగానే నడిపించాడు. అయితే రాజీనామా చేయకుండా ముప్పై ఏళ్లు సంఘాన్ని కాచినవాళ్ల సాక్ష్యం వేదిక మీదికి రావడం తక్కువ. వాళ్లకు ఆ రోజు డ్యూటీ ఉంటుంది మరి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తాను. తాడేపల్లిలో ఒక చిన్న సంఘానికి కాపరిని. ఆ అబ్బాయిలకు నేను ఇవ్వగలిగిన జవాబు, ప్రభువు నన్ను నడిపించిన దారి చెప్పడమే. అందుకే ఈ నాలుగు మాటలు.

మా తాతగారిది ప్రకాశం జిల్లాలో పడమటి మెట్ట ఊరు. తోలు పని ఆయన వృత్తి. చెప్పులు కుట్టేవారు. కపిల బావుల మీద నీళ్లు తోడడానికి రైతులకు తోలు బానలు కుట్టి ఇచ్చేవారు. ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక బానలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. బ్రతుకుతెరువు కోసం కుటుంబాన్ని తీసుకొని కృష్ణ ఒడ్డుకు వచ్చేశారు. మా నాన్న బెజవాడలో బస్తాలు మోసి మమ్మల్ని పెంచారు. మా ఇంట్లో గోడకు సిలువ ఉండేది. క్రిస్మసుకు కొత్తబట్టలు ఉండేవి. పెండ్లికీ సమాధికీ అయ్యగారు వచ్చేవారు. అంతకు మించి క్రైస్తవ్యం లేదు. బైబిలు కూడా ఉండేది గాని, అది మా అమ్మ రేషను కార్డు దాచుకునే చోటు.

ఇంటర్ అయ్యాక 1999లో కొట్టులో చేరాను. యార్డు చూడనివారికి ఒక మాట చెప్పాలి. ఫిబ్రవరి నుంచి మే నెల మొదటి వారాల వరకు కాయ జోరుగా వస్తుంది. రాత్రంతా లారీలూ ట్రాక్టర్లూ దిగుతూనే ఉంటాయి. తెల్లవారేసరికి మిర్చి టిక్కీలు వరుసలు వరుసలుగా నిలబడి ఉంటాయి. వ్యాపారులు వచ్చి టిక్కీ కోసి, గుప్పెడు కాయ బయటికి తీసి, రంగు చూసి, విరిచి చూసి ధర చెబుతారు. తరువాత కాటా, హమాలీల మోత. ఆ తరువాత మా గుమాస్తాల రాత. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, కమీషను ఎంత, కూలి ఎంత, రైతు ముందుగా తీసుకున్న బాకీ ఎంత, అన్నీ పోగా చేతికి వచ్చేది ఎంత. ఆ ఆఖరి అంకె చదివి వినిపించేటప్పుడు రైతు ముఖంలోకి చూస్తే ఆయన ఏడాదంతా కనిపిస్తుంది. మొదటి నెలంతా నాకు తుమ్ములూ కన్నీళ్లే. తరువాత అలవాటైపోయింది. ఆదివారం కూడా నా చొక్కాకు ఘాటు పోదని, ముందు వరుస పిల్లలు అందుకే తుమ్ముతారని మా ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

ఆ రోజుల్లో మా పేటలో ఆరాధన నడిపించేది రైల్వేలో కీమ్యానుగా పనిచేసిన ఒక పెద్దాయన. చిన్నా పెద్దా అందరికీ ఆయన తాతయ్యే. కీమ్యాను అంటే సుత్తి, పానా భుజాన వేసుకొని ప్రతిరోజూ తనకు ఇచ్చిన మేర పట్టాల వెంట నడిచి, వదులైనవాటిని బిగించుకుంటూ పోయే మనిషి. కృష్ణా కెనాల్ స్టేషను నుంచి మంగళగిరి వైపు పోయే పట్టాల మీద తాతయ్య నడక. సాయంత్రం వచ్చి స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేవారు. నెలకొకసారి పెద్ద గుడి నుంచి అయ్యగారు వచ్చి సంస్కారం ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు తాతయ్యే చూసుకొనేవారు. ఆయన చదివింది అయిదో తరగతి.

ఆయన రిటైరయ్యాక, 2001లో, కళ్లకు శుక్లాలు ముదిరాయి. అక్షరం కనిపించలేదు. ఒకరోజు నన్ను పిలిచి, “ఒరే గుమాస్తా, రోజూ రాత్రి వచ్చి ఒక అధ్యాయం చదివిపెట్టు. ఆదివారం నేను వాక్యం చెప్పుకోవాలి” అన్నారు. పెద్దాయన అడిగారు గనుక కాదనలేకపోయాను. లారీ రసీదులు చదివినట్టే గబగబా చదివేసేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకొని వినేవారు. “ఆ మాట మళ్లీ చదువు” అనేవారు. మళ్లీ చదివేవాణ్ణి. ఒక్కోసారి ఒక్క వచనమే నాలుగు సార్లు. ఆపరేషను అయి చూపు వచ్చాక కూడా ఆయన నన్ను మానమనలేదు. మానాలని నాకూ అనిపించలేదు.

ఒక రాత్రి లూకా సువార్త అయిదో అధ్యాయం వచ్చింది. పేతురు రాత్రంతా కష్టపడ్డాడు, ఒక్క చేప పడలేదు, ఒడ్డున వలలు కడుక్కుంటున్నాడు. అక్కడికి యేసు వచ్చాడు. ఆయన సమాజమందిరంలో కూర్చొని పేతురుకు కబురు పంపలేదు. పని పాడైపోయి కూర్చున్నవాడి దగ్గరికి తానే వచ్చి అతని దోనె ఎక్కాడు. నా నోటి మాట ఆగిపోయింది. “ఏమయిందిరా?” అన్నారు తాతయ్య. “ఈయన పనిచోటికి వచ్చాడు తాతయ్యా” అన్నాను. పెద్దాయన నవ్వి, “మరి ఇన్నేళ్లు నేను ఆ పట్టాల మీద ఎవరితో నడిచాననుకున్నావు?” అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవుడంటే ఆదివారం తెల్లబట్టలవాళ్లకని, యార్డులో దుమ్ము కొట్టుకొని ఉండే నాలాంటివాడికి ఆయనతో పనేమిటని అప్పటిదాకా అనుకున్నాను. మరునాడు టిక్కీల వరుసల మధ్య నిలబడి మొదటిసారి నా అంతట నేను ప్రార్థన చేశాను. ఇంతకీ ఆయన తన మనుషుల్ని ఎక్కడ పట్టుకున్నాడో చూడండి. మత్తయిని సుంకపు మెట్టు దగ్గర, మోషేను మామగారి మందల దగ్గర, ఆమోసును పసుల వెనుక. ఆయన కూడా నజరేతులో వడ్రంగి అనే పిలిపించుకున్నాడు. 2002లో కృష్ణ నీళ్లలో బాప్తిస్మం పొందాను.

వేదాంత విద్య మీద ఆశ పుట్టింది. కానీ సెమినరీకి వెళ్లి మూడేళ్లు కూర్చుంటే ఇల్లు నడవదు. నాన్నకు అప్పటికే నడుము పోయింది. అప్పుడు దూరవిద్య గురించి తెలిసింది. ఈ పద్ధతి పుట్టిన చోటు గ్వాటెమాలా. అక్కడి ప్రెస్బిటేరియన్ సెమినరీవారు 1963లో ఒక సంగతి గ్రహించారు. ఊళ్లలో సంఘాలను నిజంగా నడిపిస్తున్నవాళ్లు పొలం, పిల్లలు ఉన్న గృహస్థులు. వాళ్లు బడికి రాలేరు. అందుచేత బడే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఇంటి దగ్గర పాఠం చదువుకొని, అప్పుడప్పుడు ఉపాధ్యాయుని చుట్టూ కూర్చొని చర్చించడం. అక్కడి నుంచి ఆ పద్ధతి లోకమంతా పాకి మన దేశానికీ వచ్చింది. నా డిప్లొమా చాలామట్టుకు రైల్లోనే చదివాను. కృష్ణా కెనాల్‌లో ఎక్కితే మంగళగిరి, నంబూరు దాటి గుంటూరు చేరేలోపు ఒక పాఠం. పక్కన పూల గంపలవాళ్లు, పాల క్యాన్లవాళ్లు. పౌలు పత్రికలు నేర్చుకోవడానికి అది మంచి తరగతి గది అని నేను నమ్ముతాను.

పౌలు చేతిపని సంగతి మనందరికీ తెలుసు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట ఉండి, వారితో కలిసి గుడారాలు కుట్టాడు. యూదులలో కొడుకుకు ఒక పని నేర్పడం తండ్రి బాధ్యత. ఎంత గొప్ప బోధకుడైనా చేతిలో ఒక పని ఉండాలి. నాకు కొత్తగా తెలిసింది వేరొకటి. గుడారాలు కుట్టేవాడని మనం చదివే గ్రీకు మాట తోలు పనివాడికి కూడా వర్తిస్తుందని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అది చదివినప్పుడు నాకు మా తాతగారు గుర్తుకొచ్చారు. తోలు పని చేసేవాడని ఊరు ఆయనను దూరం పెట్టింది. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు, నడికట్లు రోగుల మీద వేస్తే స్వస్థత కలిగిందని 19వ అధ్యాయంలో ఉంది. అవి పనిచేసేటప్పుడు చెమట తుడుచుకొనే గుడ్డ, నడుముకు కట్టుకొనే గుడ్డ అయి ఉంటాయని కొందరు పండితులు అంటారు. మా హమాలీల భుజాన ఉండే తువాలు లాంటిదన్నమాట.

సంఘ చరిత్ర పాఠంలో మా తాతగారి ప్రాంతమే ఎదురైంది. ఆ మెట్ట ప్రాంతంలో తాళ్లకొండపాడు అనే ఊరు. అక్కడ యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వర్తకుడు. సత్యం కోసం గురువుల దగ్గర యోగం నేర్చుకున్న అన్వేషకుడు. తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నోట సువార్త విన్నాడు. భార్య నాగమ్మతో కలిసి విశ్వసించి 1866లో బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడు జనవరిలో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి అక్కడ 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొరగారు రాకముందే పని జరిగిపోయింది. చేసినవాడు తోళ్ల వర్తకుడు. బేరానికి తిరిగినవాడికి ఊళ్లూ తెలుసు, ఊళ్లలో మనుషులూ తెలుసు. ప్రకాశం, గుంటూరు జిల్లాల మన సంఘాల్లో ఎన్నో కుటుంబాలు ఆ కదలిక నుంచి వచ్చినవే. మన పెద్దలు మిషనరీ దొరల పేర్లు పిల్లలకు చెప్పినంతగా పేరయ్య పేరు చెప్పలేదని నాకు కొంచెం బాధ.

ఆ తరువాతి సంగతి ఇంకా గొప్పది. 1876లో మొదలై 1878 దాకా దక్షిణ భారతమంతా ఘోరమైన కరువు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌగారికి సర్వే పని తెలుసు. ఆయన మూడున్నర మైళ్ల కాలువ కంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. అక్కడ మేస్త్రీలుగా నిలబడింది ఎవరు? మన తెలుగు బోధకులే. పగలు మట్టి లెక్క చూసేవారు, కూలి పంచేవారు. జనం సేదదీరడానికి కూర్చున్నప్పుడు పక్కనే కూర్చొని మాట్లాడేవారు. వాళ్లూ అదే దుమ్ములో, అదే ఎండలో ఉన్నారు గనుక వాళ్ల మాట జనం విన్నారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌగారు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని, ఆ మాట నిజం కూడా కాకూడదని, పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వకుండా ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ 2,222 అనే సంఖ్య మనం తరచు చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న పదిహేను నెలలను చెప్పుకోవడం తక్కువ.

విలియం కేరీగారి సంగతి మీకు తెలిసిందే. చెప్పులు కుడుతూ, బడి చెబుతూ సంఘ కాపరిగా ఉన్నాడు. మన దేశం వచ్చాక కూడా కొన్నేళ్లు బెంగాలులో నీలిమందు ఫ్యాక్టరీ నడిపాడు. 1801 నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో భాషలు బోధించి, ఆ జీతం మిషను ఖర్చులకు ఇచ్చాడు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడింది శ్రీరాంపూరులోని ఆ మిషను ముద్రణాలయం నుంచే.

2009లో తాతయ్య ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం అయ్యాక పెద్దలు మా ఇంటికి వచ్చారు. అప్పటికి మావి 32 కుటుంబాలు. అందరూ రెక్కాడితే డొక్కాడేవాళ్లు. పూల తోటల్లో కోత, సిమెంటు పని, బెజవాడలో ఇళ్లల్లో పని. ఆదివారం కానుక సంచిలో పడేది కరెంటు బిల్లుకు, పిల్లల సండే స్కూలు పుస్తకాలకు, ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే వారి సహాయానికి సరిపోయేది. “మేము నీకు జీతం ఇవ్వలేము నాయనా. నువ్వు వాక్యం చెప్పు చాలు” అన్నారు. 2010లో నాకు అభిషేకం జరిగింది.

ఆ మరుసటి ఏడే ఒక పట్టణ సంఘం నుంచి పిలుపు వచ్చింది. జీతం, ఉండడానికి ఇల్లు, పిల్లల చదువుకు సహాయం. వాళ్లు మంచివాళ్లు, ప్రేమతోనే పిలిచారు. మూడు వారాలు ఉపవాసముండి ప్రార్థన చేశాను. నేను వెళ్లిపోతే మా పేటకు వచ్చే కాపరికి ఎవరు జీతం ఇస్తారు? బయట నుంచి డబ్బు తేవాలి, లేదా పూలు కోసే అక్కల దగ్గర తేవాలి. రెండూ నాకు సరిగా తోచలేదు. మా ఆవిడను అడిగాను. ఆమె మిషను కుట్టడం ఆపి, “ఆ ఇంటికి వెళ్తే నాకు సుఖమే. కానీ ఇక్కడివాళ్లు అర్ధరాత్రి తలుపు కొడితే ఎవరు తీస్తారండీ?” అంది. ఉండిపోయాము.

ఇక 2022 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. అంతకుముందు శీతాకాలంలో మిరప చేల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పువ్వు లోపల దూరి కూర్చుంటుంది. పూత రాలిపోతుంది. ఏ మందు కొట్టినా లొంగలేదు. మందుల మీద మందులు కొట్టి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. ముఖ్యంగా కౌలు రైతులు.

మా కొట్టుకు ఏళ్ల తరబడి కాయ తెచ్చే ఒక కౌలు రైతు ఉన్నాడు. పల్నాడు వైపు ఊరు. మన విశ్వాసి కాదు. నేను పాస్టరునని కూడా ఆయనకు తెలియదు. “గుమాస్తా గారూ” అనేవాడు. ఏటా యాభై, అరవై టిక్కీలు తెచ్చే మనిషి ఆ ఏడు తొమ్మిది తెచ్చాడు. అందులో సగం తాలు కాయలు. ధర గురించి బేరమే ఆడలేదు. నేను పట్టీ రాసి చదివి వినిపిస్తే మౌనంగా విన్నాడు. తరువాత, “మొత్తం బాకీ ఎంతో ఒక కాగితం మీద రాసివ్వండి” అన్నాడు. రాశాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, “ఇది నా పేరు మీదే గదండీ. నా కొడుకును అడగరు గదా?” అన్నాడు.

ఇరవై ఏళ్లు రైతుల లెక్కలు రాసినవాడికి ఆ ప్రశ్న అర్థమవుతుంది. కలం కింద పెట్టేశాను. షావుకారుతో చెప్పి ఆయనను టీ కొట్టుకు తీసుకెళ్లాను. ఆ మాటా ఈ మాటా చెప్పలేదు. “అన్నా, చచ్చిపోవాలని ఉందా?” అని సూటిగా అడిగాను. ఆ మనిషి టీ గ్లాసు పట్టుకొని ఏడ్చాడు. ఆయనను ఒంటరిగా పంపలేదు. బస్సెక్కి ఆయనతో వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన భార్యకూ తమ్ముడికీ సంగతి చెప్పాము. చావిట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు తమ్ముడు ఎత్తుకెళ్లి తన ఇంట్లో తాళం వేశాడు. ఆ రాత్రి అక్కడే ఉన్నాను. అప్పులన్నీ వరుసగా రాశాము. ఎవరికి ఎంత, ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు. నాకు వచ్చిన పని అదే గదా. తెల్లవారేసరికి ఆ కాగితం మీద ఆయన కూడా వేలు పెట్టి, “వీడు ఆగుతాడులెండి” అన్నాడు. నేను లోపల ప్రభువును స్తుతించాను.

మా షావుకారు హిందువు. సంగతి విని తన బాకీ మరుసటి పంట దాకా వడ్డీ లేకుండా ఆపారు. ఆ తమ్ముడు అన్నను కొన్నాళ్లు గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తిప్పాడు. 2023లో ఆ రైతు మళ్లీ కాయ తెచ్చాడు. అప్పటికి ఎవరో చెప్పగా నేను పాస్టరునని తెలిసింది. “ముందే ఎందుకు చెప్పలేదండీ?” అని అడిగాడు. ఆ రోజు చెప్పి ఉంటే, దిక్కులేని సమయంలో మతం గురించి మాట్లాడడానికి వచ్చాననుకొనేవాడేమో. గుండ్లకమ్మకు ముందున్న పదిహేను నెలలు నాకు అప్పుడు బాగా అర్థమయ్యాయి. ఆయన బాప్తిస్మం పొందలేదు. రెండు క్రిస్మసులకు భార్యాబిడ్డలతో మా ఆరాధనకు వచ్చి వెనుక చాప మీద కూర్చున్నాడు. మేము వారి కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నాము.

పూర్తికాలం సేవలో ఉన్న కాపరికి ఆ రైతు తన కాగితం చూపించేవాడా? నాకు అనుమానమే. అలాగని జీతం తీసుకొనే దైవసేవకులను తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. సువార్త ప్రకటించేవాడు సువార్తవలన జీవించే హక్కు ఉందని వాదించింది పౌలే, కొరింథీయులకు మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో. ఫిలిప్పీయులు పంపిన కానుక ఆయన సంతోషంగా తీసుకున్నాడు. కొరింథులో కూడా సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యం చెప్పడంలోనే మునిగిపోయాడు. అంటే ఒకప్పుడు సూది పట్టాడు, ఒకప్పుడు పక్కన పెట్టాడు. వేయి కుటుంబాల సంఘం తన కాపరిని పోషించకపోతే అది పిసినారితనమే.

ఇందులో ఉన్న కష్టాన్ని దాచి చెబితే ఆ అబ్బాయిలకు మేలు జరగదు. సీజనులో తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. రాత్రి ఇంటికి వచ్చేసరికి ఎవరో ఒకరు గుమ్మంలో కూర్చొని ఉంటారు. ప్రసంగం రైల్లో తయారవుతుంది. పెద్ద సంఘాల కాపరులు చదివే పుస్తకాల్లో పదో వంతు కూడా నేను చదవలేను. మా అబ్బాయి స్కూలు వార్షికోత్సవాలకు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. పగలు ఎవరి ఇంట్లోనైనా జబ్బు అంటే ముందు పరుగెత్తేది ఆమె. స్త్రీల సమాజం, సండే స్కూలు, కుట్టు మిషను, వంట అన్నీ ఆమెవే. “మీకు రెండు ఉద్యోగాలైతే నాకు నాలుగు” అంటుంది నవ్వుతూనే. అకులతో పాటు ప్రిస్కిల్ల పేరు కూడా గ్రంథంలో రాయించిన ప్రభువుకు స్తోత్రం. పెండ్లయినవాడు ఈ దారి పట్టాలంటే ముందు భార్యను అడగాలి. ఆమె ఒప్పుకోకపోతే అది సగం పిలుపే.

పనిచోట నాకొక నియమం ఉంది. షావుకారు జీతమిచ్చే గంటలు షావుకారువే. ఆ గంటల్లో సువార్త కరపత్రాలు పంచను, ఫోనులో ప్రార్థనలు చేయను. చచ్చిపోతానన్న మనిషి ఎదురుగా ఉంటే మాత్రం షావుకారుతో చెప్పి వెళ్తాను. కొందరు యువసేవకులు ఆఫీసు పని సగంలో వదిలి కూడికలకు పోవడం చూస్తున్నాను. ఫ్లెక్సీ మీద దైవజనుడు అని వేయించుకుంటారు, అక్కడ వాళ్ల పని పక్కవాడు చేస్తుంటాడు. ఆ పక్కవాడికి సువార్త ఎలా చెప్పగలరు?

2014 తరువాత రాజధాని మాట వచ్చాక మా తాడేపల్లి రూపమే మారిపోయింది. పొలాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. మా సంఘంలో పూలు కోసినవాళ్లు ఇప్పుడు వాచ్‌మన్లు, లిఫ్టు దగ్గర కాపలావాళ్లు, ఇళ్లల్లో పనివాళ్లు. ఆదివారం కూడా డ్యూటీలే. అందుకని ఆరాధన రెండుసార్లు పెట్టాము, తెల్లవారుజామున అయిదున్నరకు ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. రాత్రి ఆరాధనకు యూనిఫారంతోనే వస్తారు. ఇప్పుడు 54 కుటుంబాలు. నన్ను పని మాన్పించి పోషించాలని పెద్దలు ఈ మధ్య మాట్లాడుకుంటున్నారు. నేను వద్దనలేదు, సరే అనలేదు. ఆ డబ్బుతో ముందు డ్యూటీలకు పోయే తల్లుల పిల్లలకు సాయంకాలం బడి పెడదామని అడిగాను. పెద్దలు ఇంకా ఏమీ తేల్చలేదు.

వేసవిలో యార్డుకు నెల రోజులు సెలవులు ఇస్తారు. ఆ నెలలోనే మేము సెలవు బైబిలు పాఠశాల పెట్టుకుంటాము. ఈసారి పెద్ద పిల్లల తరగతి మా సంఘంలో ఎలక్ట్రీషియనుగా పనిచేసే ఒక యువకుడికి అప్పగించాము. పగలు అపార్టుమెంట్లలో వైరింగు చేస్తాడు, రాత్రి నా దగ్గర కూర్చొని డిప్లొమా పాఠాలు చదువుతాడు. పాత నిబంధన పరీక్ష, చెల్లెలి పెండ్లి ఒకే వారంలో వచ్చాయి. మేస్త్రీ మూడు రోజులకు మించి సెలవు ఇవ్వనన్నాడట. అతని కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకొనండి.